చెన్నపురి పేటలును, తీరమును

చెన్నపట్టణమునకు విహారయాత్ర పోయిన విద్యార్థులు సాధారణముగ కోటను, మ్యూజియమును, సముద్రతీరమును జూచి మరలివత్తురు. మేమును గడచిన సెలవులలో నవి యన్నియు జూచితిమి. ఎళుంబూరు మ్యూజియమునందలి అమరావతీ శిల్పములను తెలుగు బాలురు తప్పక చూడవలెను; వానిని గూర్చి వేఱుగ నొక వ్యాసము వ్రాయవచ్చును. ఇచట మేము వివరింపదలచినది మఱియొకటి. అంతటి యిఱుకు పట్టణమున నచ్చటచ్చట కన్పట్టు విశాలమైన తావులు ఎట్లేర్పడినవి? ఆ చోటు ముందెవరిది? ఈ ప్రశ్నతో పేటలన్నియు తిరిగినచో చెన్నపురి వేఱొక రీతిగ కానవచ్చును.

మొదట కోటకు పోయితిమి. 1639వ సంవత్సరమున దామెర్ల వేంకటాద్రి నాయకుడు ఆంగ్లేయ వర్తకులకు సముద్రపుటొడ్డున కొంత నేల నొసగెను. ఆయన తండ్రి చెన్నప్ప నాయకుని పేరనే చెన్నపట్టణ మను పేరు కలిగెనని చెప్పుదురు. కోటలో 1680లో ప్రతిష్ఠింపబడిన సెయింటు మేరీ చర్చి నేటికిని చెక్కుచెదరక యున్నది. 1753లో రాబర్టు క్లైవు వివాహము జరిగిన దిచ్చటనే. కోటకు వెలుపల, ఉత్తరపు ప్రక్కను, నేతగాండ్రును, అద్దకపు పనివారును, దుబాసీలును కాపురముండిన పేటకు దొరలు బ్లాక్ టౌన్ అని పేరిడిరి. ఇప్పుడు కోటనుండి యుత్తరముగ నడచినచో ఆ పేట యెచ్చటను కానరాదు. 1892లో తెఱవబడిన హైకోర్టు యొక్క ఎఱ్ఱని గోపురములును, దాని విశాలమైన ఆవరణమును కనబడును. పూర్వపు పేట నిలిచిన చోటది.

1746లో ఫ్రెంచివారు పట్టణమును పట్టుకొని, కోటకు చేరువ నున్న యిండ్లను పెక్కింటిని కూల్చిరి. 1749లో పట్టణము మరల ఆంగ్లేయుల వశమయ్యెను. వారును యుద్ధభీతిచేత మిగిలిన యిండ్లను తీసివైచి, ఫిరంగి గుండ్లకు అడ్డు లేకుండునట్లు మైదానము చేసిరి. ఆ హద్దులోపల నెవ్వరును ఇల్లు కట్టరాదని తెలుపుటకు 1773లో స్తంభములు నాటిరి. వానిలో నొకటి పారీసు కార్నరున డేర్ హౌసు కట్టడముకడ నేటికిని కలదు. పండ్ల బండ్లను, బస్సులకై పరుగెత్తు జనమును తప్పించుకొని పోయి మేము దానిని వెదకి చూచితిమి. మేము నిలిచియున్నంతసేపు దారిన పోవువారిలో దాని వంక చూచినవా రొక్కరును లేరు.

ఇండ్లు కోల్పోయినవారు ఉత్తరమునకు జరిగి ముత్యాలపేట, పెద్దనాయకుని పేటలలో క్రొత్తగ కాపురములు పెట్టుకొనిరి. అదియే నేటి జార్జి టౌను. ఈ రెండు పేటల నడుమ నుండిన పల్లపు నేలను, మురికి కాలువను పూడ్పించి, స్టీఫెను పోఫాము అను న్యాయవాది వేయించిన వీథి బ్రాడ్వే. ఇప్పు డది ప్రకాశం సాలై. 1928లో సైమను కమీషను బహిష్కారమునాడు టంగుటూరి ప్రకాశము పంతులుగారు తుపాకుల కెదురుగ ఱొమ్ము చూపినది యీ ప్రాంతముననే. తంబుచెట్టి వీథి, లింగిచెట్టి వీథి, పగడాల వర్తకుల వీథి, ఆర్మీనియను వీథి, ఇట్లు ఎవరు ఎక్కడినుండి వచ్చి యేమి యమ్మిరో పేరులే చెప్పుచున్నవి. ఆర్మీనియను వీథిలో 1772 నాటి చర్చి యావరణమున నడుగిడినచో, ఒక్క గోడ యావల నంతటి సందడి కలదని తోపనే తోపదు. పడమటి ప్రక్కనున్న వాల్ టాక్సు రోడ్డు పేరు మాకు నవ్వు తెప్పించెను. పట్టణమునకు గోడ కట్టి, దాని ఖర్చునకై ప్రజలపై పన్ను వేయదలచిరట. పన్ను వసూలు కాలేదు. గోడయు చాలవఱకు పోయినది. పేరు మాత్రము నిలిచినది.

అచ్చటినుండి రాయపురమునకు పోయితిమి. దక్షిణ హిందూస్థానమున మొదటి రైలు 1856లో బయలుదేఱిన స్టేషను అచ్చటనే కలదు. మేము పోయినది రైలుకొఱకు కాదు, సముద్రముకొఱకు. ఇచట తీరమనగా ఇసుక కాదు; కుప్పలుగ పోసిన పెద్ద బండరాళ్లు. అలలు వచ్చి వానిని మోదుచుండును. రాళ్ల వెనుక రోడ్డు, రోడ్డు ప్రక్కనే జాలరుల యిండ్లు. దక్షిణమున మెరీనాయందు చూచిన యిసుక మైదానమునకును దీనికిని నడుమ హార్బరు కలదు. ఈ భేదమునకు కారణమును ఆ హార్బరే.

ఎట్లనగా, ఈ తీరమున అలలు సంవత్సరములో నధికభాగము ఆగ్నేయపు వైపునుండి వచ్చి యిసుకను ఉత్తరమునకు త్రోయుచుండును. ఒడ్డు వెంబడి ఇసుక యొక యేఱువలె సాగుచుండునని తలపవలెను. 1881 నాటికి హార్బరుకై రెండు రాతికట్టలను సముద్రములోనికి చాచిరి. ఆ యేటి తుపానున నవి మిక్కిలి దెబ్బతినగా మరల కట్టిరి. నాటనుండి ఇసుక దక్షిణపు కట్టకడ నిలిచిపోయి, యేటేట పేరుకొని, నేటి మెరీనా యయ్యెను. ఉత్తరమునకు చేరవలసిన యిసుక చేరలేదు గనుక సముద్రము అచ్చటి నేలను కోసికొనిపోయెను. 1884లో గవర్నరు గ్రాంటు డఫ్ దొరగారు దక్షిణపు తీరమున విహారమార్గము వేయించి మెరీనా యని పేరు పెట్టిరి.

దీనికి సాక్ష్యము కావలెనన్నచో ఐసు హౌసును చూడవలెను. అమెరికానుండి ఓడలపై వచ్చు మంచుగడ్డలను దాచుటకు 1842లో కట్టిన మేడ యది. 1897లో స్వామి వివేకానందులు కొన్ని దినము లిందు బసచేసిరి. ఓడల సరకును దింపుకొనుటకు వీలుగ సముద్రమునకు దాపున కట్టిన ఆ మేడ ముంగిట నిలిచి చూడగా, ముందు వెడల్పైన రోడ్డు, దాని యావల నెండలో మెఱయు ఇసుక, ఎంతో దూరమున నీరు. మాలో చిన్నవాడొకడు నీటివఱకు ఎన్ని యడుగులో లెక్కింప బూనెను గాని, కాళ్లు కాలి నడుమనే మానుకొనెను.

మెరీనా యందమును మేము కాదనము. సాయంకాలమున బీదవాడు గవ్వయైన నీయక గాలి పీల్చుకొనదగిన చోటు ఆ పట్టణమున అంతకు మించినది లేదు. కాని యాత్రికులను మెరీనాకు తీసికొనిపోవువారు రాయపురపు రాళ్లనుగూడ చూపిన బాగుండునని మా యభిప్రాయము.

మైలాపురమును గూర్చి యెల్లరును వ్రాయుదురు గాన విడిచిపుచ్చుచున్నాము. 1952లో పొట్టి శ్రీరాములుగారు ఆంధ్రరాష్ట్రముకొఱకు 58 దినములు నిరాహారదీక్ష చేసి ప్రాణములు విడిచినది అచ్చటనే యని మాత్రము చెప్పెదము.

పడమట త్యాగరాయనగరమున నేల చరిత్ర మఱియొక విధము. సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారి పేరిట నేర్పడిన యీ నగరమున పట్టుచీరెల దుకాణములు, నగల దుకాణములు, వానిముందు ఇసుక వేసిన రాలని జనము. నూఱేండ్ల క్రిందట నిది చెఱువు. 1920 తరువాతి యేండ్లలో ఆ పొడవైన చెఱువు నెండగట్టి, పూడ్చి, వీథులు తీర్చిరి. పశ్చిమ మాంబళమున లేక్ వ్యూ రోడ్డు నేటికిని కలదు. చెఱువు మాత్రము లేదు. పెరుగుచున్న జనమునకు ఇండ్లు కావలసియుండెను గనుక ఆ పని చేసినవారిని నిందింప మేము సాహసింపము. అయినను ఇట్లు ఒకటి తరువాత నొకటిగ చెఱువులు పోవుటచే వాననీటికి నిలువ నీడ లేకపోయెను. 2015 డిసెంబరులో పట్టణమున పలు వీథులందు పడవలు నడిపి జనులను దరిచేర్చిరి. నాలుగేండ్లు నిండకముందే, 2019లో, జలాశయము లెండిపోగా జోలారుపేటనుండి రైలుపెట్టెలలో త్రాగునీరు తెచ్చిరి.

ఆ పట్టణము త్రాగు నీటిలో మన కృష్ణ నీరును కొంత కలదు. 1983లో కుదిరిన యొడంబడికను బట్టి త్రవ్విన కాలువ కండలేరు జలాశయమునుండి పూండి జలాశయమునకు నూఱు మైళ్లకు పైగ సాగుచున్నది. 1996లో ఆ నీరు మొదటిసారి తమిళదేశమును చేరెను. మేము బసచేసిన యింట కుళాయి నీరు పట్టుకొనుచు, ఇందెంత కృష్ణ నీరో, యెంత వీరాణపు చెఱువు నీరో యని యడిగితిమి. ఇంటివా రెవ్వరును చెప్పలేకపోయిరి.