ఒక్క గొంతే.. పదిమంది పాడినట్లు!

భజనలో పదిమంది ఒకేసారి చరణం అందుకుంటే ఆ నిండుదనమే వేరు. ఏ ఇద్దరి గొంతూ అచ్చంగా ఒకటి కాదు. ఒకరు వెంట్రుకవాసి ముందు, ఒకరు వెనుక. ఆ తేడాయే పాటకు బలం. ఒక్కరే పాడినా ఆ నిండుదనం తెప్పించే ఎఫెక్టులు రికార్డింగు స్టూడియోలలో ఉన్నాయి. వీటిని 'మాడ్యులేషన్' ఎఫెక్టులు అంటారు.

ధ్వనిని ఒక లయ ప్రకారం మారుస్తూ పోవడమే వీటి పని. బిగ్గరదనం పెంచుతూ తగ్గిస్తూ ఉంటే 'ట్రెమెలో'. తిరిగే ఫ్యాను ముందు మాట్లాడితే మాట అదురుతూ వినిపించడం ఇటువంటిదే. శ్రుతిని పైకీ కిందికీ ఊపితే 'వైబ్రాటో'. అసలు గొంతుకు దాని నకలును సెకనులో నలభయ్యో వంతు ఆలస్యంగా, ఆ ఆలస్యాన్ని కొద్దిగా మారుస్తూ జతచేస్తే 'కోరస్'. ఆలస్యం ఇంకా తగ్గిస్తే 'ఫ్లాంజర్'. అందులో కొన్ని స్వరాంశాలు ఒకదానినొకటి కొట్టేసుకుని, జెట్ విమానం దూసుకుపోయినట్లు వినిపిస్తుంది.

రైలు దగ్గరకు వచ్చేటప్పుడు కూత హెచ్చుగా, దాటిపోగానే తగ్గుగా వినిపించడం అందరికీ తెలిసిందే. ఇదే సూత్రంతో అమెరికాకు చెందిన డొనాల్డ్ లెస్లీ ఆర్గాను వాద్యం కోసం గిరగిర తిరిగే స్పీకరు పెట్టె తయారుచేశారు. 1966లో లండన్‌లోని ఇ.ఎం.ఐ. స్టూడియోలో బీటిల్స్ బృందం పాటలు రికార్డవుతున్నాయి. గొంతు నిండుగా రావాలంటే ఒకే పాటను రెండుసార్లు పాడాలి. గాయకుడు జాన్ లెనన్‌కు అది విసుగు. ఇంజనీరు కెన్ టౌన్సెండ్ రెండు టేపు రికార్డర్లను కలిపి, ఒకసారి పాడినదే జంటగొంతుగా వినిపించేలా చేశారు.

కరెంటుతో పనిలేకుండానే ఇటువంటి అల మన హార్మోనియంలోనూ ఉంది. ఒకే స్వరానికి రెండు రీడ్లుండి, ఒకటి సెకనుకు 440 సార్లు, రెండోది 442 సార్లు కంపిస్తే, నాదం సెకనుకు రెండుసార్లు ఎగసి తగ్గుతుంది.

నేడు ఈ ఎఫెక్టులు సెల్‌ఫోనులోకీ వచ్చేశాయి. జానపద, బుర్రకథ కళాకారులు పాట రికార్డు చేయించేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఎఫెక్టు మోతాదు మించితే మాట స్పష్టత పోతుంది, గమకం చెదురుతుంది. పాటలో ఒకసారి కలిసిపోయిన ఎఫెక్టును మళ్లీ విడదీయడం కష్టం. కనుక ముందు ఏ ఎఫెక్టూ లేని గొంతును రికార్డు చేయించి, ఆ ప్రతిని విడిగా భద్రపరచుకోవాలి. హంగులన్నీ దాని నకలు మీదే చేయించుకోవాలి. పాట నచ్చకపోతే మరోసారి మొదలుపెట్టడానికి అసలు గొంతు చేతిలో ఉంటుంది.