ఆవిరి లెక్క

డబ్బాలలోని ఆహారం నెలల తరబడి చెడకుండా ఉండడం చూచి నేడు ఎవరూ ఆశ్చర్యపడరు. ఫ్రాన్సు దేశీయుడైన నికొలా అపేర్ ఈ పద్ధతిని 1810లో గ్రంథరూపమున వెల్లడించినప్పుడు, ఆహారం ఎందువలన నిలుస్తున్నదో ఆయనకే తెలియదు. క్లాస్ట్రీడియం బొట్యులినమ్ అనే సూక్ష్మజీవి బీజాలు మరిగే నీటికి లొంగవని, పులుపు లేని పదార్థాలలో అవి బ్రతికినచో ప్రాణాంతక విషం పుట్టగలదని తరువాతి శాస్త్రజ్ఞులు తెలిపారు. అందుచేత డబ్బా నడిబొడ్డు సైతం 121 డిగ్రీల సెల్సియస్ వద్ద మూడు నిమిషాలకు సమానమైన వేడిని పొందవలెను.

ఆ వేడిని ఇచ్చేది రిటార్టు అనే మూత బిగించిన ఇనుప పాత్రలోని ఆవిరి. ఒక కిలో ఆవిరి నీరుగా మారుతూ సుమారు 525 కిలోకాలరీల గుప్తోష్ణాన్ని విడుస్తుంది. ఒక్కొక్క దానిలో 450 గ్రాముల బఠానీ గల వేయి డబ్బాలను 40 డిగ్రీల నుండి 120 డిగ్రీలకు వేడి చేయుదమనుకొందాము. బఠానీకి 32,400 కిలోకాలరీలు, అనగా 62 కిలోల ఆవిరి కావలెను. డబ్బాల రేకుకు ఒక కిలో చాలును. కానీ 1,500 కిలోల చల్లని రిటార్టు ఇనుము తన వంతుగా 30 కిలోల ఆవిరిని మ్రింగివేస్తుంది! తినేది బఠానీ, ఖర్చులో మూడవ వంతు ఇనుముది. కనుక పాత్ర చల్లారకముందే మరుసటి విడత నింపడం, గోడలకు ఉష్ణబంధకం చుట్టడం నిజమైన పొదుపు.

కొందరు మరొకచోట పొదుపు చేయజూస్తారు. ఆరంభంలో గాలిని తరుముటకు ఆవిరిని కొంతసేపు బయటికి వదలవలెను. ఇది వృథాగా కనిపించును. అయితే లోపల ఐదవ వంతు గాలి మిగిలినచో, పీడనమాపకం యథావిధిగా ఒక కిలో చూపుతున్నా ఉష్ణోగ్రత సుమారు 114 డిగ్రీలే. ఏడు డిగ్రీలే కదా అనరాదు. బీజాలు నశించే వేగం ఐదవ వంతుకు పడిపోవును. ప్రెషర్ కుక్కరు గొట్టం నుండి ఆవిరి ధారగా వచ్చిన పిదపనే బరువు పెట్టే మన ఇంటి స్త్రీలకు ఈ సూత్రం అలవాటే. కావున రిటార్టు వద్ద పీడనమాపకంతో పాటు ఉష్ణమాపకాన్ని తప్పక చూడవలెను.

చివరకు బఠానీలో చేరిన వేడినంతా తిరిగి తీయవలెను. నీరు 20 డిగ్రీలు వేడెక్కునట్లయితే 1,620 లీటర్లు పట్టును. ఆ గోరువెచ్చని నీటిని కాలువపాలు చేయక గంపలు, నేల కడుగుటకు వాడుకొనవచ్చును.