ఇరవై రెండో జతలో చిన్న లోటు

ఇలా వచ్చి కూర్చోండర్రా. ఇవాళ పేకముక్కల కబురు చెప్తాను. మీ నాన్నమ్మకి భయపడకండి, ఇది పందెం పేక కాదు, పరీక్ష పేక.

1994లో అమెరికాలోని అయోవాలో బెచారా, డమాసియో అనే పరిశోధకులు, వాళ్ల తోటివాళ్లు ఓ ఆట కట్టారు. బల్ల మీద నాలుగు కట్టలు, చేతికి ఉత్తుత్తి డబ్బు. రెండు కట్టల్లో ముక్క తీస్తే 100 డాలర్లొస్తాయి, కానీ మధ్యమధ్య జరిమానా పడి, పది ముక్కలయ్యేసరికి 250 పోతాయి. మిగతా రెంటిలో వచ్చేది యాభయ్యే, అయినా పది ముక్కలకి 250 మిగులుతాయి. ఈ సంగతి ముందుగా చెప్పరు. ఆడగా ఆడగా పెద్దవాళ్ల చెయ్యి మంచి కట్టల వైపు మళ్లుతుంది. మీ ఈడువాళ్లకి కాస్త ఆలస్యమవుతుంది. నిర్ణయాలు తేల్చే మెదడు ముందుభాగం పాతికేళ్ల దాకా ముదురుతూనే ఉంటుంది మరి.

నిర్ణయాలు తడబడే ఇంకో కారణం చెప్తాను. అందరికీ 23 జతల క్రోమోజోములుంటాయని బళ్లో చెప్పారుగా? కొందరు పిల్లలకి 22వ జతలో ఒకదాంట్లో చిన్న ముక్క ఉండదు. చిన్నదంటే దాదాపు 30 లక్షల డీఎన్ఏ అక్షరాలు! రెండు మూడు వేల కాన్పుల్లో ఒకరికి ఇలా అవుతుంది. 1965లో వివరించిన డాక్టరు పేరు మీద డిజార్జ్ సిండ్రోమ్ అంటారు. మేనరికం వల్ల వచ్చేది కాదిది. పదిమందిలో తొమ్మిదిమందికి అమ్మానాన్నల్లో లేకుండా కొత్తగా వస్తుంది. కొందరికి గుండెలో లోపం, కొందరికి అంగిట్లో చీలిక, ముక్కుతో మాట, ఒంట్లో కాల్షియం తక్కువ.

వీళ్లలో చాలామందికి మాట, చదవడం కాస్త మెరుగు. లెక్క, దూరం, టైము దగ్గరే ఎక్కువ తడబాటు. కాలిఫోర్నియాలోని డేవిస్ యూనివర్సిటీలో పరిశోధకుడు టోనీ సైమన్ బృందం ఏళ్ల తరబడి చూసింది ఇదే. పెద్దకన్ను వలలోంచి చిన్న చేపలు జారిపోయినట్టు, దగ్గరదగ్గరగా ఉన్న కొలతల్లో తేడా వీళ్లకి చిక్కదు. పైగా, పోయిన ముక్కలోనే కామ్ట్ (COMT) అనే జన్యువుంది. మెదడు ముందుభాగంలో డోపమైన్ అనే రసాయనాన్ని తగ్గించే పని దానిది. ఆ జన్యువు రెండు ప్రతుల్లో ఒకటే మిగిలితే ఆ పని కుంటుపడుతుంది.

ఇప్పుడు ఆలోచించండి. మన పామిడిముక్కల నుంచి ఉయ్యూరెళ్లి బందరు రోడ్డు దాటాలి. బస్సు ఎంత దూరంలో ఉంది, ఎంత వేగంగా వస్తోంది? కొట్లో వంద ఇస్తే తిరిగి ఎంత రావాలి? కంటికి అందిన కొలతే తప్పైతే నిర్ణయం ఒప్పెలా అవుతుంది? తెలివి లేక కాదురా అది. 'ఇన్ని మాటలు చెప్తావు, చిల్లర లెక్కపెట్టలేవా' అని కసిరితే లాభం లేదు.

అలాంటి స్నేహితుడుంటే రోడ్డు దాటేప్పుడు పక్కనుండండి, చిల్లర కలిసి లెక్కపెట్టండి, తొందరపెట్టకండి.

పెద్దవాళ్లకి ఒక్క మాట. చిన్నప్పుడు గుండె ఆపరేషనయ్యి, ఇప్పుడు లెక్కల్లో వెనకబడ్డ పిల్లలుంటే బెత్తం తియ్యకండి, జన్యు పరీక్ష సంగతి డాక్టర్ని అడగండి. హైదరాబాద్ నిమ్స్ ఆసుపత్రిలో జన్యు వైద్యానికి ప్రత్యేక విభాగమే ఉంది. ఈ లోపమున్న వాళ్లలో నలుగురిలో ఒకరికి పెద్దయ్యాక స్కిజోఫ్రెనియా వంటి మానసిక జబ్బు వస్తుంది. ముందే తెలిస్తే కనిపెట్టుకుని ఉండొచ్చు.