పేదయింటికి వకీలు

ఇంటిలో బిడ్డకు జ్వరము తగిలినచో ఏమి చేయవలయునో మన గృహిణులకు ఒకరు చెప్పనక్కరలేదు. కషాయమో, మాత్రయో, వైద్యుని యిల్లో వెంటనే తోచును. కాని యింటి యజమానినో, ఎదిగిన కుమారునో పోలీసువారు వెంటబెట్టుకొని పోయిరన్న వార్త చెవిని బడినప్పుడు ఎంతటి ధైర్యము గల యిల్లాలికైనను కాలు చేయి ఆడదు. ఎవరిని అడుగవలయును? ఎచ్చటికి పోవలయును? ఎంత సొమ్ము కావలయును? ఈ ప్రశ్నలకు సమాధానము తెలియకయే అనేక కుటుంబములు మొదటి దినముననే మోసపోవుచున్నవి. అట్టి యాపద పగవారికైనను రాకుండుగాక! వచ్చినచో చట్టము మనకేర్పరచిన యాధారములేవో ముందుగా తెలిసికొనియుండుట గృహధర్మములో నొక భాగమని మేము తలంచుచున్నాము.

సంగారెడ్డి జిల్లాలోని కాజీపల్లి పేరు మన సోదరీమణులలో పలువురు వినియుందురు. హైదరాబాదు నగరమునకు వాయవ్యముగా పటాన్‌చెరువు, బొల్లారము, పాశమైలారము మొదలగు పారిశ్రామిక వాడల నడుమ నున్న గ్రామమది. ఔషధములు, రసాయనములు చేయు కర్మాగారములు అచ్చట కలవు. చుట్టుపట్ల పల్లెల వారే గాక ఒడిషా, బీహారు మొదలగు దూరరాష్ట్రములవారును పొట్ట చేతబట్టుకొని వచ్చి, అద్దె గదులలో కాపురముండి ఈ వాడలలో పనిచేయుచున్నారు.

న్యాయస్థానముల మాట ఈ సీమకు క్రొత్త కాదు. కర్మాగారముల మురుగునీరు చెరువులను, పొలములను చెరుచుచున్నదని 1990లో సుప్రీంకోర్టునందు వ్యాజ్యము వేయబడెను. ఆ వ్యాజ్యము ఊరందరిది. దాని వెనుక స్వచ్ఛంద సంఘము నిలిచెను. కాని ఒక్క యింటిమీద నేరారోపణ వచ్చినప్పుడు ఊరు వెంట రాదు. చుట్టములు తప్పుకొందురు. పనిచేయుచోట పేరు కొట్టివేయుదురేమో యను భయమొకటి. అప్పుడు మిగులునది ఆ యింటి యిల్లాలును, ఆమె ధైర్యమును మాత్రమే. ఆ ధైర్యమునకు ఊతగా చట్టమొకటి కలదని ఆమెకు చెప్పువారు అరుదు.

వకీలు సహాయము పేదవానికి దయతో వేయు భిక్ష కాదు, అది హక్కు. అరెస్టయిన ప్రతి మనుష్యుడును తనకిష్టమైన న్యాయవాదిని సంప్రదింపవచ్చునని రాజ్యాంగము 22వ అధికరణమున చెప్పుచున్నది. పేదరికము వలన ఎవరికిని న్యాయము తప్పిపోరాదని, ప్రభుత్వమే ఉచితముగా న్యాయసహాయము చేయవలయునని 1976లో చేసిన 42వ సవరణ 39-ఏ అధికరణమును చేర్చినది. తరువాత 1987లో న్యాయసేవాధికార సంస్థల చట్టము పుట్టి, 1995 నవంబరు 9వ తేదీనుండి అమలులోనికి వచ్చినది.

ఈ హక్కు ఊరక రాలేదు. ఇందు స్త్రీల కృషి మిక్కిలి కలదు. రాజమహేంద్రవరమున 1909లో జన్మించిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు ఉప్పు సత్యాగ్రహమున చెరసాలకు పోయి, అచ్చట తోడి స్త్రీల యసహాయతను కన్నులార చూచిరి. అటుపిమ్మట న్యాయశాస్త్రము చదివి మద్రాసులో న్యాయవాదియైరి, రాజ్యాంగసభలో సభ్యురాలైరి. 1979లో బీహారు చెరసాలలలో విచారణ లేకయే యేండ్ల తరబడి మ్రగ్గుచున్నవారి పక్షమున సుప్రీంకోర్టున నిలిచి వాదించిన కపిలా హింగోరాణీ గారు స్త్రీయే. ఆ వ్యాజ్యమునకు పేరైన హుస్సేనారా ఖాతూన్ కూడ విచారణ ఖైదీగానున్న యొక స్త్రీయే. వకీలును పెట్టుకొనలేని ముద్దాయికి ప్రభుత్వమే వకీలు నీయవలయునని ఆ తీర్పువలన దృఢపడినది.

ఇక ఆచరణకు వత్తము. మొదటి యిరువదినాలుగు గంటలే మిక్కిలి ముఖ్యమైనవి. 2024 జూలై 1 నుండి పాత నేరవిచారణ స్మృతికి బదులు భారతీయ నాగరిక సురక్షా సంహిత నడచుచున్నది. దాని ప్రకారము అరెస్టు చేసిన మనుష్యుని, ప్రయాణకాలము మినహాయించి, 24 గంటలలోపల మేజిస్ట్రేటు నెదుట నిలుపవలయును. అరెస్టు చేయునప్పుడు ఒక పత్రము వ్రాసి, కుటుంబములోని వారిచేతనో, ఆ వాడలోని పెద్దమనుష్యునిచేతనో సాక్షి సంతకము చేయింపవలయును. అరెస్టు వార్తను బంధువులకో స్నేహితులకో తెలుపవలయును. ఏ కారణముచేత పట్టుకొనిరో ఆ మనుష్యునకు అర్థమగు భాషలో, లిఖితమూలకముగా తెలుపవలయునని సుప్రీంకోర్టు 2025 నవంబరులో చెప్పినది. ఒడియా గాని హిందీ గాని తప్ప మరియొక భాష రాని కూలివానికి ఈ తీర్పు కొండంత యండ.

కావున ఆ యిల్లాలు ఠాణాకు పోయినప్పుడు ఏడ్చుచు నిలువబడక నాలుగు సంగతులు అడిగి కాగితముమీద వ్రాసికొనవలయును: కేసు నంబరు ఎంత? ఏ సెక్షన్లు పెట్టిరి? ఏ మేజిస్ట్రేటు నెదుట, ఎప్పుడు హాజరు పెట్టుదురు? దర్యాప్తు చేయుచున్న యధికారి యెవరు? ఈ నాలుగును చేత నున్నచో ఏ వకీలైనను పని మొదలుపెట్టగలడు. ఇవి లేకున్నచో ఎంత పెద్ద వకీలైనను చీకటిలో తడుముకొనవలసినదే. తాను ఒంటరిగా పోక, చదువు వచ్చిన పొరుగింటి వారినొకరిని వెంటగొనిపోవుట మేలు. చదువని కాగితముమీదను, వ్రాత లేని తెల్లకాగితముమీదను సంతకముగాని వ్రేలిముద్రగాని వేయరాదు. ఠాణాలో పోలీసువారి యెదుట నేరమొప్పుకొన్న మాట కోర్టులో ముద్దాయిపై సాక్ష్యముగా చెల్లదని కూడ అందరును ఎరిగియుండవలయును.

వకీలు నెచ్చట అడుగవలయును? ప్రతి జిల్లాలోను జిల్లా న్యాయాధీశుని యధ్యక్షతన జిల్లా న్యాయసేవాధికార సంస్థ యొకటి కలదు. పూర్వము మెదకు జిల్లాకు ముఖ్యపట్టణముగానుండిన సంగారెడ్డి, 2016 అక్టోబరు 11న తన పేరిటనే ప్రత్యేక జిల్లా అయినది. అచ్చటి కోర్టుల ఆవరణలోనే యడిగినచో ఈ సంస్థ కార్యాలయమును చూపుదురు. పోలేనివారు టెలిఫోనులో 15100 అను అంకెను త్రిప్పినచో చాలును. ఇది జాతీయ న్యాయసేవాధికార సంస్థవారు దేశమంతటికిని ఏర్పరచిన సహాయపు నంబరు. దరఖాస్తు తెల్లకాగితముమీద వ్రాసియీయవచ్చును. వ్రాయుట రానివారు నోట చెప్పినచో అచ్చటివారే వ్రాసికొందురు.

ఈ సహాయమునకు ఎవరు అర్హులనగా, స్త్రీలు, పిల్లలు, షెడ్యూల్డు కులములవారు, షెడ్యూల్డు తెగలవారు, వికలాంగులు, కర్మాగార కార్మికులు, నిర్బంధములో నున్నవారు. వీరి ఆదాయము ఎంతయని చట్టము అడుగదు. కాజీపల్లి వాడలో పనిచేయు కార్మికుడు అరెస్టయినచో అతడు కార్మికుడుగను అర్హుడే, నిర్బంధితుడుగను అర్హుడే. ఇతరులకు ప్రభుత్వము నిర్ణయించిన ఆదాయపరిమితి యుండును. ఈ సహాయము వకీలుతో ఆగదు. కోర్టు రుసుము, కాగితముల నకళ్లు, ఇతర వ్యయములు కూడ అందులో చేరును. పెట్టిన వకీలునకు ఆ కుటుంబము ఒక్క పైసయైనను చెల్లింపనక్కరలేదు. ఎవరైన అడిగినచో సంస్థ కార్యదర్శికి ఫిర్యాదు చేయవచ్చును.

ఉచితముగా వచ్చిన వకీలు శ్రద్ధ చూపునా యని సందేహించువారు కలరు. ఈ సందేహమును తీర్చుటకే 2022లో నూతన పద్ధతియొకటి యేర్పడినది. దానిననుసరించి అనేక జిల్లాలలో ముద్దాయిల పక్షమున వాదించుటయే వృత్తిగా, పూర్తికాలము పనిచేయు న్యాయవాదులను నియమించుచున్నారు. వీరిని డిఫెన్సు కౌన్సిళ్లందురు. ఐనను వకీలు ఎంత మంచివాడైనను, అతని చేతిలో కేసులనేకము. ఇంటివారు స్వయముగా పోయి కలిసి, ఆ దినమున తమవాడు ఎచ్చటనుండెనో, ఎవరు చూచిరో, కర్మాగారపు హాజరు పుస్తకములో ఏమున్నదో చెప్పవలయును. వాయిదా తేదీలను గోడమీది క్యాలెండరులో గుర్తుపెట్టుకొనవలయును. ప్రతి కేసునకును పదునారు అక్షరములు, అంకెలు గల సంఖ్యయొకటి యుండును. దానిని ఈ-కోర్ట్స్ అను ప్రభుత్వపు సేవలో చూచినచో తరువాతి వాయిదా ఎప్పుడో ఉచితముగా తెలియును. ఇందులకు గుమాస్తాకు సొమ్మీయనక్కరలేదు.

తరువాతి మెట్టు బెయిలు. మన పేదకుటుంబములు కూలిపోవునది ఇచ్చటనే. కోర్టు బెయిలు ఇచ్చినను పూచీదారులు లేక లోపలనే యుండువారు కలరు. పరాయి రాష్ట్రమునుండి వచ్చిన కూలివానికి సంగారెడ్డిలో పూచీ యెవరు పడుదురు? ఈ కష్టము నూతనము కాదు. మోతీరాము అను తాపీపనివాని కేసులో, అతని సోదరుని యాస్తి మరియొక జిల్లాలోనున్నదని పూచీని కాదనిరి. 1978లో న్యాయమూర్తి వి. ఆర్. కృష్ణయ్యరు గారు ఆ పద్ధతిని ఖండించి, వేయి రూపాయల సొంత పూచీకత్తుమీదనే అతనిని విడువుడని ఆజ్ఞయిచ్చిరి. సాధారణ నేరములందు, అనగా బెయిలు హక్కుగా లభించు నేరములందు, వారము దినములలో పూచీదారుని తేలేనివానిని బీదవానిగా నెంచి సొంత పూచీకత్తుమీద విడువవలయునని నేటి చట్టమే చెప్పుచున్నది.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు మరియొక మేలు చేసినది. బెయిలు ఉత్తరువు వచ్చి ఏడు దినములైనను ఖైదీ విడుదల కానిచో, చెరసాల అధికారి ఆ సంగతిని జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలుపవలయును. ఆ కార్యదర్శి యొక వకీలునో స్వచ్ఛంద సేవకునో పంపి సాయపడవలయును. నెల దాటినను పూచీ కుదరనిచో షరతులను సడలించుటను గూర్చి కోర్టే ఆలోచింపవచ్చును. సొమ్ము లేకయే నిలిచిపోయిన విచారణ ఖైదీలకు సహాయము చేయు కేంద్రప్రభుత్వ పథకము కూడ 2023లో వెలసినది. చార్జిషీటు 60 దినములలో, ఘోరనేరములైనచో 90 దినములలో దాఖలు కానిచో బెయిలు హక్కుగా అడుగవచ్చును. ఐతే అడిగినవానికే అది లభించును, అడుగుటకు వకీలుండవలయును. వకీలు హక్కు ఎంత యవసరమో దీనినిబట్టియే గ్రహింపవచ్చును.

సంగారెడ్డిలో 1796లో కట్టిన పాత చెరసాల యొకటి కలదు. ఖైదీలను కంది వద్ద కట్టిన క్రొత్త చెరసాలకు తరలించిన పిమ్మట పాతదానిని ప్రదర్శనశాలగా మార్చిరి. 2016లో అచ్చట ఐదువందల రూపాయలు చెల్లించి, వేడుకగా ఒక దినము ఖైదీవలె గడుపుటకు ఏర్పాటు చేసిరి. వేడుకకు పోయినవాడు మరునాడు తన యింటికి తిరిగివచ్చును. పూచీదారుడు దొరకనివానికో, తలుపు ఎప్పుడు తెరువబడునో తెలియదు. ఆతని యింటిలో అద్దె ఆగదు. పిల్లల బడి రుసుము ఆగదు. పొయ్యిలోని నిప్పు మాత్రము ఆగిపోవును.

స్త్రీల విషయమున చట్టము ప్రత్యేకముగా శ్రద్ధ వహించినది. సూర్యాస్తమయము మొదలు సూర్యోదయము వరకు స్త్రీని అరెస్టు చేయరాదు. తప్పనిసరియైనచో మేజిస్ట్రేటు అనుమతి ముందుగా పొంది స్త్రీ పోలీసు అధికారియే చేయవలయును. సాక్షిగా విచారింపదలచినచో స్త్రీని ఠాణాకు రమ్మని నిర్బంధింపరాదు. ఆమె యింటికే వచ్చి యడుగవలయును. స్త్రీలనుంచు లాకప్పు వేరుగానుండి, స్త్రీ పోలీసులు కాపలా కాయవలయునని షీలా బార్సే అను పత్రికారచయిత్రి వ్రాసిన లేఖపై 1983లో సుప్రీంకోర్టు ఆదేశించినది. ఒక స్త్రీ లేఖ యెంత పని చేసినదో మన పాఠకురాండ్రు గమనింతురుగాక.

కడపటి మాటగా ఒక హెచ్చరిక. ఠాణా ముంగిటను, కోర్టు ముంగిటను "అమ్మా, ఇరువది వేలు తెండు, రేపు ప్రొద్దుటికి మీవానిని విడిపింతును" అని పలుకు దళారులు ఎదురగుదురు. మంగళసూత్రము కుదువబెట్టి వారి చేతిలో పోసిన సొమ్మునకు రసీదు లేదు. పని కానిచో అడుగు దిక్కును లేదు. అపరాధము చేసినవాడు శిక్ష తప్పించుకొనవలయునని మేము చెప్పుట లేదు. అపరాధియో కాదో తేల్చువరకు అతని పక్షమున మాటలాడుటకు ఒక నోరుండవలయును. అపరాధియైనను, చేసినదానికి మించిన శిక్ష పడకుండ చూచుటకు ఒక మనుష్యుడుండవలయును. ఆ నోటిని, ఆ మనుష్యుని చట్టమే మనకిచ్చినది.

కావున సోదరీమణులారా! వంటయింటి గోడమీద పాలలెక్క వ్రాయుచోటనే 15100 అను నంబరును కూడ వ్రాసియుంచుడు. మీ యింట పనిచేయు పనికత్తెకును, ప్రక్క గదిలో అద్దెకున్న పరదేశపు కూలివాని భార్యకును ఈ సంగతి చెప్పుడు. మీకు దాని యక్కర ఎన్నడును రాకపోవచ్చును. కాని మీరు చెప్పిన ఒక్క మాటవలన ఒక యిల్లు నిలువవచ్చును.