పేరులో చలువ, సీసాలో చక్కెర

ధర్మపురి జిల్లా చెట్టికరైలో వేసవి మధ్యాహ్నం ఏ అంగడి ముందైనా కాసేపు నిలుచుంటే ఒకే రకం సీసాకు నాలుగైదు పేర్లు చెవిన పడతాయి. పొలం నుండి వచ్చిన పెద్దాయన "ఒక కలర్ ఇయ్యప్పా" అంటాడు. కుప్పం వైపు నుండి వచ్చిన చుట్టం "కూల్‌డ్రింక్ ఏముంది?" అని అడుగుతాడు. బడిపిల్లలకు సీసాలో ఉన్నదల్లా "జూస్". ఇంజనీరింగు కళాశాల విద్యార్థి కంపెనీ పేరు మాత్రమే పలుకుతాడు. తమిళ దినపత్రికలో అదే వస్తువు 'కుళిర్‌పానం', తెలుగు పత్రికలో 'శీతల పానీయం', కావేరి అవతల కన్నడ పత్రికలో 'తంపు పానీయ'.

ఇది మాటల వేడుక మాత్రమే కాదు. ఒక వస్తువుకు పేరు పెట్టేటప్పుడు ఏ భాష అయినా దాని గుణాలన్నిటినీ చెప్పదు. ఒక గుణాన్ని ఎన్నుకుని దానినే పిలుపుగా మార్చుకుంటుంది. పేరులోకి ఎక్కిన గుణం మనకు నిత్యం కనిపిస్తుంది. ఎక్కనిది కనుమరుగవుతుంది. మూడు భాషల నడుమ బ్రతుకుతున్న సరిహద్దు కుటుంబాలకు ఈ సంగతిని గ్రహించే అవకాశం ఇతరులకంటె ఎక్కువ, అవసరమూ ఎక్కువే.

గాలి, రంగు, చప్పుడు

ఈ పానీయాలన్నిటికీ మూలం గ్యాసు పట్టించిన నీరు. 1767లో ఇంగ్లండులోని లీడ్స్ నగరంలో జోసెఫ్ ప్రీస్ట్‌లీ అనే శాస్త్రజ్ఞుడు బొగ్గుపులుసు వాయువును నీటిలో కలిపే పద్ధతిని కనుగొన్నాడు. 1783లో జెనీవాలో ష్వెప్ అనే గడియారాల పనివాడు దానిని వ్యాపారంగా మలిచాడు. తొలినాళ్ళలో ఆ నీటిలో సోడియం లవణం కలిపేవారు గనుక 'సోడా' అన్న పేరు నిలిచింది. మన సోడాలో నేడు లవణం లేకపోయినా పేరు మాత్రం పోలేదు.

మన ప్రాంతంలో సోడా అంటే తీపి లేని తెల్లని నీరు. దానిలో చక్కెర, వాసన, రంగు చేరగానే అది 'కలర్' అయింది. తమిళనాట ఎదిగిన తెలుగువారికి ఈ మాట సహజం. ఆంధ్ర నుండి కొత్తగా వచ్చిన అల్లుడిని "కలర్ తాగుతారా?" అని అడిగితే మాత్రం ఒక క్షణం తెల్లబోతాడు. కంటికి కనబడిన రంగునే ఇక్కడి భాష పేరుగా తీసుకుంది.

ఇతర దేశాలవారు వేరే గుణాలను పట్టుకున్నారు. చీనా భాషలో దీని పేరుకు 'గాలినీరు' అని అర్థం. థాయ్ భాషలో 'గాలి కుక్కిన నీరు'. స్వీడన్‌వారి మాట దాహం తీర్చడం నుండి వచ్చింది. ఆస్ట్రియా దేశీయులు మూత తీసినప్పుడు వచ్చే చప్పుడును బట్టి పేరు పెట్టారు. ఇంగ్లీషులో 'పాప్' అన్న మాటా అటువంటిదే. బిరడా ఊడేటప్పుడు ఆ శబ్దం వస్తుంది గనుకనే ఆ పేరు వచ్చిందని 1812లోనే రాబర్ట్ సదీ అనే ఆంగ్లకవి వివరించాడు.

గోలీ సోడా కథ మరింత చక్కనిది. 1870ల ఆరంభంలో హైరమ్ కాడ్ అనే ఆంగ్లేయుడు గాజుగోలీతో మూతపడే సీసాను రూపొందించాడు. లోపలి వాయువు ఒత్తిడే గోలీని పైకి నెట్టి మూతిని బిగించి ఉంచుతుంది. ఆ సీసా పుట్టినింట దాదాపు కనుమరుగై, మన దేశంలోను జపానులోను మిగిలింది. తెలుగు, తమిళ, కన్నడ భాషలవారు ముగ్గురూ దానిని గోలీ సోడా అనే అన్నారు. మలయాళులు వట్టు సోడా అన్నారు, ఢిల్లీవారు బంటా అన్నారు. ఆ మాటలకూ గోలీ అనే అర్థం. భాషలు వేరైనా పిల్లవాడి చూపు ఒక్కటే. జపానువారు మాత్రం సీసాను గాక లోపలి రుచిని చూసి, లెమనేడ్ అన్న ఆంగ్లపదాన్ని తమ నాలుకకు అనువుగా తిప్పుకుని 'రామునే' అన్నారు. 2025లో మన కేంద్ర వాణిజ్య శాఖ ఈ పానీయం 'గోలీ పాప్ సోడా' అనే పేరుతో అమెరికా, బ్రిటన్, గల్ఫ్ విపణులకు చేరుతున్నదని ప్రకటించింది. మన గోలీ, వారి పాప్ ఒకే సీసాపై కలుసుకున్నాయి.

'కూల్' అన్న కాపలా మాట

'కూల్‌డ్రింక్'లో కూల్ ఎందుకు? ఎండలో ఉంచిన సీసాను కూడా మనం కూల్‌డ్రింక్ అనే అంటాము గదా! కారణం రెండవ పదంలో ఉంది. మన వ్యవహారంలో "డ్రింక్ చేస్తాడు" అంటే మద్యం తాగుతాడని అర్థం. ఆ అపార్థం కలగకుండా ముందు ఒక కాపలా మాట కావలసి వచ్చింది. ఇంగ్లండువారు 'సాఫ్ట్' అన్నది కూడా ఇందుకే. మద్యం 'హార్డ్', ఇది 'సాఫ్ట్'.

ఈ జాగ్రత్త ప్రపంచమంతటా ఉంది. తాగుట అనే అర్థంగల ఒకే అరబ్బీ ధాతువు నుండి షరాబు వచ్చింది, షర్బతు కూడా వచ్చింది. ఒకటి మత్తు, మరొకటి చలువ. తమిళంలో 'తణ్ణీర్' అనే మాటకు మూలార్థం చల్లని నీరు. నేడది ఏ నీటికైనా చెల్లుతుంది. అందుచేతనే "సుడు తణ్ణి", అనగా 'వేడి చన్నీళ్ళు', అనే విచిత్రమైన మాట మన ఊళ్ళలో నిత్యం వినబడుతుంది. అదే 'తణ్ణి' వీధిభాషలో సారాయికి మారుపేరు కూడా అయింది. తెలుగువాడు 'మందు' అన్నట్లే.

'కూల్‌డ్రింక్' మన దేశానికే పరిమితం కాదు. దక్షిణాఫ్రికాలోనూ సామాన్యుల మాట అదే. 1860 నుండి మద్రాసు రేవులో ఓడలెక్కి నేటాల్ చెరకు తోటలకు కూలీలుగా వెళ్ళినవారిలో తెలుగువారూ ఉన్నారు. వారి సంతతివారు నేడు డర్బన్‌లో దుకాణానికి వెళ్ళి అడిగే మాట, కుప్పం చుట్టం చెట్టికరైలో అడిగే మాట ఒక్కటే. అమెరికాకు వెళ్ళిన మన పిల్లలకు మాత్రం ఈ పేరు చెల్లదు. ఈశాన్య రాష్ట్రాలలోను కాలిఫోర్నియాలోను 'సోడా' అనాలి, మధ్య పశ్చిమ రాష్ట్రాలలో 'పాప్' అనాలి. దక్షిణాదిన చాలామంది ఏ పానీయాన్నయినా 'కోక్' అంటారు. ఆ కంపెనీ పుట్టిన అట్లాంటా దక్షిణాదిలోనే ఉంది. వనస్పతినంతటినీ మనం డాల్డా అన్నట్లే ఇదీను.

కంపెనీ పేరు వెనుక చరిత్ర కూడా దాగి ఉంటుంది. 1977లో కోకా-కోలా మన దేశాన్ని విడిచి వెళ్ళినప్పుడు ప్రభుత్వ సంస్థ ఒక పానీయాన్ని తెచ్చి, ఆ ఏటి అంకెలతోనే 'డబుల్ సెవెన్' అని పేరు పెట్టింది. అది నిలువలేదు. అదే ఏడు పుట్టిన థమ్సప్ నిలిచింది. తూర్పుగోదావరి సీమలో రామచంద్రపురంవారి ఆర్టోస్ 1919 నుండి ఉంది. విరుదునగరంలో 1916లో ఆరంభమైన కాళీమార్క్ సంస్థవారి బొవొంటో తమిళనాట ఇంటిపేరు వంటిది. 2017 మార్చి 1 నుండి విదేశీ కంపెనీల పానీయాలను అమ్మబోమని తమిళనాడు వర్తక సంఘాలు ప్రకటించినప్పుడు చాలామంది బొవొంటో పేరు చెప్పి అడిగి తాగారు. అప్పుడది దాహానికే గాక అభిమానానికీ పేరయింది.

మన పాత పేర్లు

కంపెనీలకు పూర్వం మన పానీయాల పేర్లు లోపలి వస్తువునే చెప్పేవి. పానకం తెలుగు, తమిళ, కన్నడ భాషలలో ఇంచుమించు ఒకటే మాట. మజ్జిగ కన్నడంలో మజ్జిగె, తమిళంలో మోర్. మజ్జిగకే మన మరొక పేరు చల్ల. "చల్లకు వచ్చి ముంత దాచినట్లు" అన్న సామెతలో అది నేటికీ బ్రతికి ఉంది. కోస్తావారి సుగంధిపాల, రాయలసీమవారి నన్నారి, తమిళుల నన్నారి ఒకే తీగ వేరు. ఇక్కడి పన్నీర్ సోడాలోని పన్నీరు గులాబినీరు. తెలుగులోనూ పెండ్లిలో చల్లేది అదే. హిందీ చదువుకుని వచ్చిన పిల్లలు దానిని పాలవిరుగుడు ముద్ద అనుకుని నవ్వడం కొత్త కాదు.

మామిడి సంగతి మన జిల్లాలకు మరింత దగ్గర. సీసాలలోని మామిడి పానీయాలకు గుజ్జు సమకూర్చే కర్మాగారాలు అధికంగా ఉన్నవి కృష్ణగిరి, చిత్తూరు ప్రాంతాలలోనే. వాటి ముడిసరకు తోతాపురి. ఆ కాయనే తమిళులు బెంగళూరా అనీ కిళిమూక్కు అనీ అంటారు, కన్నడిగులు గిణిమూతి అంటారు, తెలుగువారిలో కొందరు కలెక్టరు కాయ అంటారు. తోతా, కిళి, గిణి మూడింటికీ చిలుక అనే అర్థం. కాయ కొన చిలుకముక్కువలె వంగి ఉండటాన్ని మూడు భాషలవారూ చూశారు.

చట్టం పెట్టిన పేర్లు

అంగడి పేర్లు పిలుచుకోవడానికి. చట్టం పేర్లు లెక్కకు. పిల్లలు 'జూస్' అనే మామిడి సీసాపై చట్టం ప్రకారం ఉండేది 'ఫ్రూట్ డ్రింక్' అనే మాట. ఆ పేరుకు కనీసం నూటికి 10 పాళ్ళు పండ్లరసం ఉంటే చాలు, నిమ్మ పానీయానికి 5 పాళ్ళు చాలు. మిగిలినదానిలో ముఖ్యభాగం నీరు, చక్కెర. 2025 సెప్టెంబరు 22 నుండి గ్యాసు పానీయాలపై జీఎస్టీ 40 శాతం కాగా, గ్యాసు లేని పండ్లరస పానీయాలపై 5 శాతమే. పేరు మారితే పన్ను మారుతుంది, చక్కెర మాత్రం మారదు. బజారులో 'ఎనర్జీ డ్రింక్' అని చెలామణి అయ్యేదాని చట్టబద్ధమైన పేరు 'కెఫీన్ పానీయం'. అది పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు తగదని దానిపైనే వ్రాసి ఉండాలి.

అన్నిటికంటె ప్రమాదకరమైన పేరు 'ఓఆర్ఎస్'. విరేచనాలయిన బిడ్డను కాపాడే ద్రావణానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ఒకటుంది. లీటరు నీటిలో గ్లూకోజు 13.5 గ్రాములు, ఉప్పు 2.6, పొటాషియం క్లోరైడు 1.5, ట్రైసోడియం సిట్రేటు 2.9 గ్రాములు. కాని ఆ మూడక్షరాలను పేరులో చేర్చుకున్న తీపి పానీయాలు మందుల దుకాణాలలోనే చాలాకాలం అమ్ముడయ్యాయి. చక్కెర మితిమీరితే అది పేగులలోకి నీటిని లాగి విరేచనాలను పెంచుతుంది. దీనిపై హైదరాబాదుకు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ, ఆ సూత్రానికి సరిపోని ఏ పానీయమూ ఓఆర్ఎస్ అనే మాటను పేరులో వాడరాదని ఆదేశించింది.

కాబట్టి దుకాణంలో పేరు మాత్రమే అడగక, లీటరు నీటిలో కలుపుకునే ఓఆర్ఎస్ పొడి పొట్లం కావాలని అడగండి. అది దొరకనప్పుడు, కాచి చల్లార్చిన లీటరు నీటిలో సమంగా కొలిచిన ఆరు చిన్నచెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి పట్టవచ్చు. బిడ్డ మగతగా ఉన్నా, ఏమీ తాగలేకపోయినా, విరేచనంలో నెత్తురు కనిపించినా ఆస్పత్రికి తీసుకుపోవాలి.

మూడు భాషలకు ఒకే మాట

సీసాపై వివరాలు ఇంగ్లీషులోగాని హిందీలోగాని ఉండాలన్నది నియమం. తెలుగు, తమిళం ఐచ్ఛికం. మన ఇళ్ళలో అవ్వకు తెలుగు మాట వచ్చును, లిపి రాదు. పిల్లవాడు తమిళ మాధ్యమంలో చదువుతాడు. సీసా వెనుక ఉన్న సన్నని అక్షరాలు ఇద్దరికీ అందవు. బడిలో ఇంగ్లీషు నేర్చిన బిడ్డ ఇంటిలో ఉంటే, 'షుగర్' అన్న వరుసను చూపి అంకె చదివించండి. సాధారణ కోలా పానీయంలో 100 మిల్లీలీటర్లకు చక్కెర పదిన్నర గ్రాములు. అంటే 250 మిల్లీలీటర్ల సీసాకు సుమారు 26 గ్రాములు. చిన్నచెంచాకు 4 గ్రాముల లెక్కన ఆరు చెంచాలు దాటుతుంది. పెద్దవారు కూడా రోజు మొత్తం మీద సుమారు 25 గ్రాముల లోపు ఉండటం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది. కాఫీలో ఆరు చెంచాలు వేయమంటే వేయని తల్లి, కలర్ సీసాను మాత్రం సంకోచించకుండా అందిస్తుంది. ఆ పేరులో చక్కెర మాట లేదు గదా.

పైన చెప్పుకున్న పేర్లను ఒకసారి వరుసగా చూడండి. గాలి ఉంది, రంగు ఉంది, చలువ ఉంది, చప్పుడు ఉంది, గోలీ కూడా ఉంది. తీపిని పేరులో పెట్టినవారు అరుదు. వియత్నాం భాషలో మాత్రం దీని పేరుకు 'తియ్యని నీరు' అని అర్థం. దాచకుండా చెప్పిన పేరు అది.

ఇంతకూ పేరులోకి ఎక్కని ఆ వస్తువుకు మన మూడు భాషలలో వేర్వేరు మాటలు కూడా లేవు. తెలుగులో చక్కెర, తమిళంలో సర్కరై, కన్నడంలో సక్కరె. మూడూ సంస్కృత శర్కర నుండి వచ్చినవే, ఇంగ్లీషు 'షుగర్' మూలమూ అదే. పానీయాన్ని కలర్ అన్నా, కూల్‌డ్రింక్ అన్నా, కుళిర్‌పానం అన్నా, తరువాత వచ్చే వ్యాధిని మాత్రం మూడు భాషలవారూ ఆ ఒక్క మాటతోనే పిలుస్తున్నారు.