రెక్సిన్ చాటున తుప్పు.. వైకుంఠ రథానికి ముప్పు

ఆత్మీయుని కడసారి సాగనంపే వేళ పార్థివదేహంపై బండి పైకప్పు నుంచి తుప్పునీరు బొట్లుబొట్లుగా రాలితే ఆ కుటుంబం పడే వేదన మాటలకందదు. ధర్మసంస్థలు, సేవాసంఘాలు విరాళాలతో నడిపే పాత వైకుంఠ రథాలలో వానాకాలం రాగానే ఎదురయ్యే చిక్కు ఇది. కొత్త బండి కొనే స్తోమత అందరికీ ఉండదు. ప్రభుత్వ శాఖలు, పురపాలక సంఘాలు, పంచాయతీల వాహనాలకు 15 ఏళ్లు నిండితే రిజిస్ట్రేషన్ చెల్లని నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. సేవాసంస్థల బండ్లకు అది వర్తించదు. అయితే రవాణా వాహనంగా నమోదైన బండికి 8 ఏళ్లు దాటాక ఏటా సామర్థ్య ధ్రువపత్రం పొందక తప్పదు. కనుక మరమ్మతు ఏదో పైపైన కాక, సక్రమంగా జరగాలి.

లోలోపలే తినేస్తుంది

మనం రెక్సిన్ అని పిలిచేది వినైల్ పూత పూసిన గుడ్డ. 1960, 70 దశకాలలో అమెరికాలో ఖరీదైన కార్లకు, శవవాహనాలకు పైకప్పుపై దీనిని అతికించడం ఒక హోదాగా సాగింది. ఎండకు వినైల్ మెత్తదనం కోల్పోయి బీటలు వారుతుంది. ఆ బీటల నుంచి, అంచున బిగించిన బీడింగ్ స్క్రూ రంధ్రాల నుంచి నీరు లోనికి దిగుతుంది. కింద స్పాంజి పొర ఉంటే ఆ నీటిని పీల్చుకుని రోజుల తరబడి రేకును తడిపే ఉంచుతుంది. వాన వెలిసినా రేకుకు వాన వెలవనట్టే. తుప్పు పట్టిన ఇనుము అనేక రెట్లు ఉబ్బుతుంది గనుక రెక్సిన్‌పై బుడిపెలు కనిపిస్తాయి. వేలితో నొక్కితే కరకరమన్న చప్పుడు వస్తే లోపల రేకు పొరలుగా లేచిందని గ్రహించాలి. కాకినాడ, మచిలీపట్నం వంటి తీరప్రాంతాలలో ఉప్పుగాలి ఈ నష్టాన్ని మరింత వేగిరపరుస్తుంది.

కారేది ఒకచోట.. దిగేది మరోచోట

లోపల బొట్టు పడినచోటనే పైన రంధ్రం ఉంటుందనుకుంటే పొరపాటు. నీరు కప్పు బద్దీల వెంట జారి ఎంతో దూరాన బయటపడుతుంది. లోపలి సీలింగ్ విప్పి, ఒకరు టార్చితో లోపల కూర్చోవాలి. మరొకరు గొట్టంతో సన్నగా నీరు పట్టాలి. ముందు ముందరి అద్దం రబ్బరు వద్ద, ఆపై అంచుల వద్ద, చివరకు నడికప్పుపై పోయాలి. ప్రతిచోటా కొన్ని నిమిషాలు ఆగాలి. ఒకేసారి పైనుంచి కుమ్మరిస్తే ఏదీ తేలదు. పేరు పలకకు, మైకుకు, దీపాలకు కొట్టిన రంధ్రాలను ప్రత్యేకించి చూడాలి. దోషం ఒక్కోసారి అద్దం రబ్బరుదే అయి ఉంటుంది.

చాలామంది చేసే పని బీటలపై తారు పూయడం, లేదా పాత రెక్సిన్‌పైనే కొత్తది అతికించడం. అది లోపలి తేమకు తలుపులు మూసి కాపలా కాయడమే. ఒకటి రెండు వానలకు ఆగినట్టు కనిపించినా, అసలు విషయం బయటపడేనాటికి రేకు జల్లెడవుతుంది.

పాత పొర పూర్తిగా తీయాల్సిందే

బీడింగ్ ఊడదీసి, వేడిగాలి యంత్రంతో జిగురును మెత్తబరుస్తూ అంచు నుంచి రెక్సిన్‌ను ఒలవాలి. మిగిలిన జిగురును ద్రావకంతో తుడిచేటప్పుడు గాలి ధారాళంగా ఆడాలి, దరిదాపుల్లో బీడీ, అగ్గి ఉండరాదు. తర్వాత తీగ బ్రష్షుతో మెరిసే లోహం వచ్చేదాకా గీకి, అనుమానమున్న ప్రతిచోటా స్క్రూడ్రైవర్ మొనతో గుచ్చి చూడాలి. మొన దిగిందంటే అక్కడ రేకు లేనట్టే. గట్టి లోహం వచ్చేవరకు కోసి, అంతే మందం గల కొత్త రేకును వెల్డింగ్ చేయాలి. గ్యాస్ వెల్డింగ్ వేడికి పలుచని రేకు వంకర తిరుగుతుంది. సీఓటూ వెల్డింగ్‌తో అక్కడక్కడా చుక్కలు పెడుతూ, చల్లారనిస్తూ అతకడం మేలు. అంతకుముందే బ్యాటరీ తీగలు విప్పాలి. సీలింగ్ గుడ్డ, స్పాంజి, వైరింగ్ తొలగించాలి. ఈ జాగ్రత్త విస్మరిస్తే నిప్పురవ్వ బండినే బుగ్గి చేయగలదు.

పైపై తుప్పుకు ఫాస్ఫారిక్ ఆమ్లం గల తుప్పునాశిని పనికివస్తుంది. రంధ్రాన్ని అది పూడ్చలేదు. ఎపాక్సీ ప్రైమర్ పూసి, అతుకుల వెంట సీలెంట్ నింపాక, లప్పం పలుచగా మాత్రమే పెట్టాలి. లప్పం తేమను పీల్చే గుణం కలది కనుక రంధ్రాలను దానితో మూసే పద్ధతి శుద్ధ దండగ. బాడీ బిల్డర్లు అల్యూమినియం రేకును ఇనుప చట్రానికి నేరుగా రివిట్ కొట్టిన చోట మరో చిక్కు ఉంది. తేమ తగిలితే రెండు లోహాల నడుమ విద్యుద్రసాయన చర్య జరిగి అల్యూమినియం తెల్లపొడిగా రాలుతుంది. మధ్యన రంగుపూతో, రబ్బరు పట్టీయో తప్పనిసరి.

మళ్లీ రెక్సిన్ వేయాలా?

అక్కరలేదనే చెప్పాలి. అందం కోసం తుప్పుకు మళ్లీ ఆశ్రయమివ్వడం కంటే తెల్లరంగు వేయడం శ్రేయస్కరం. వేసవిలో లోపల వేడి తగ్గుతుంది, తుప్పు తిరిగి పుడితే వెంటనే కంటబడుతుంది. దాతల కోరికపై రెక్సిన్ వేయక తప్పకపోతే స్పాంజి లేకుండా వేయించాలి. ఇరువైపులా జిగురు రాసి, అది కాస్త ఆరి అంటుకునే పదునుకు వచ్చాక, నడుమ నుంచి అంచులకు గాలి లేకుండా ఒత్తుకుపోవాలి. స్క్రూ ప్రతిదానికీ కింద సీలెంట్ ఉండాలి. కప్పు ఆకృతిని మార్చదలిస్తే మాత్రం రవాణాశాఖ అనుమతి అవసరం.

ఈ పనంతా నైరుతి రాకకు ముందు, ఎండలున్న రోజుల్లోనే పూర్తి కావాలి. నెల్లూరు, ప్రకాశం వైపు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య రుతుపవనాల వానలు కురుస్తాయి కాబట్టి, అక్కడివారు సెప్టెంబరులో మరోమారు నీటి పరీక్ష చేయించుకోవాలి. ఫ్రీజర్ పెట్టె వైరింగ్‌ను కూడా అప్పుడే సరిచూసుకోవచ్చు.