సుగ్గికి పోయిన ఊరు, లేచుచున్న పట్నము

ఆదోని నుండి కోసిగి, కౌతాళముల వైపునకును, ఎమ్మిగనూరు నుండి నందవరము, పెద్దకడుబూరుల వైపునకును పోవు పల్లెదారులలో కార్తీకము గడచిన పిమ్మట ఒకమారు తిరిగి చూచినవారు, వీధికి వీధి తలుపులకు తాళములు వ్రేలాడుచుండుటయు, అరుగులపై ముసలివారును వారి ప్రక్కన బడి మానిన ఒకరిద్దరు పిల్లలును తప్ప వేఱెవరును కానరాకుండుటయు గమనింపక మానరు. అందరును ఏమైరని అడిగినచో వచ్చు సమాధానము ఒక్కటే: "సుగ్గికి పోయినారు."

సుగ్గి కన్నడపు మాట. అది పంట చేతికి వచ్చిన సంబరమును తెలుపు మాట. తెలుగును కన్నడమును ఒకే నోట పలుకు ఈ సరిహద్దుసీమలో ఆ పదము మన వాడుకలోనికి వచ్చి, తన పొలమున పంట లేనివాడు పంట ఉన్నచోటికి కూలికై పోవుట అను అర్థమును సంపాదించుకొన్నది. మొదట అది గుంటూరు సీమకు మిరపకాయలు కోయుటకును, ప్రత్తి తీయుటకును పోవుట. ఇప్పుడు బెంగళూరు, హైదరాబాదులకు బేల్దారి పనికి పోవుటయు సుగ్గియే. పంటల కోతకు పుట్టిన మాట ఇటుకలు మోయు పనికి అన్వయించిన ఈ మార్పులోనే, నిర్మాణరంగమున ఉపాధి ఎట్లు పెరిగినదో, ఎవరివలన పెరిగినదో, సగము కథ ఇమిడియున్నదని నాకు తోచుచున్నది.

తక్కిన సగము పాతకాలపు కథ. ఆదోని తాలూకా 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించువఱకు బళ్ళారి జిల్లాలోనిది. 1876-78 నాటి మహాక్షామము ఈ ప్రాంతమును పీడించినపుడు ప్రభుత్వము తెఱచిన కరువుపనులలో రాళ్ళు కొట్టుటయు, మట్టి మోయుటయు ముఖ్యమైనవి. రోజంతయు చెమటోడ్చినవానికి ఒక పౌను ధాన్యమును, కొద్దిపాటి చిల్లరయు చాలునని ఆనాటి అధికారులు నిర్ణయించిరి. అంతకు కొద్ది సంవత్సరములకు ముందే, 1871లో, మద్రాసు రైలుమార్గము ఆదోని మీదుగా పోయి రాయచూరు వద్ద బొంబాయి మార్గముతో కలిసినది. 1945లో ఆరంభమైన తుంగభద్ర ఆనకట్ట 1953 నాటికి పూర్తియైనది. ఇట్టి పనులు నడచిన ఈ నేలకు, వాన కురియనప్పుడు నాగలి విడిచి పలుగు పట్టుట నూఱేండ్లకు పైబడిన అలవాటు. అందుచేత ఇచటి నిర్మాణకార్మికుని పుట్టుక మేడలలో లేదు, ఎండిన చేలలో ఉన్నది.

ఊరిలోని ఇండ్లను చూచినను ఈ వృత్తి మారిన తీరు తెలియును. మా చిన్ననాటి మిద్దెలు రాతిగోడల మీద దూలములు పఱచి, వాటిపై కట్టెలు పేర్చి, చవుడుమట్టి కప్పినవి. వానాకాలమునకు ముందు ఆ చవుడును సరిచేసికొనుటకు ఇంటివారే చాలుదురు; రాయి కొట్టుటకు వడ్డెరలు, దూలము చెక్కుటకు వడ్రంగి ఉన్నచో ఇల్లు లేచెడిది. సిమెంటును ఇనుమును వచ్చిన పిదప సెంట్రింగువాడు వేఱు, కడ్డీలు వంచువాడు వేఱు, గోడ కట్టువాడు వేఱు, టైల్సు పఱచువాడు వేఱు అయిరి. మగ్గమును నమ్ముకొని బ్రదికిన ఎమ్మిగనూరులో సైతము ఈ పని పాదుకొన్నది. మాచాని సోమప్పగారు 1938లో స్థాపించిన చేనేత సహకార సంఘము ఆ ఊరికి దేశమంతట పేరు తెచ్చినదే గాని, మరమగ్గము ముందు చేతిమగ్గము నిలువజాలని రోజులు రాగా నేతను విడిచినవారిలో కొందఱు పరంజా ఎక్కిరి. నూలుపోగు తెగకుండ చూచుకొన్న వ్రేళ్ళు సిమెంటు క్షారమునకు పగిలిపోవుట చూచినపుడు ఎవరి మనస్సైనను కలుక్కుమనును.

ప్రొద్దున ఆఱున్నర వేళ ఆదోని పట్టణమున కూలీల అడ్డావద్ద కొంతసేపు నిలిచితిని. టిఫిన్ బండి చుట్టును నలువదియేబదిమంది. ఆడవారి చేతులలో అన్నపుగిన్నెల మూటలు, మగవారిలో కొందఱి సంచులనుండి తాపీ పిడియు రసమట్టపు కొనయు బయటికి కనబడుచుండెను. బండిమీద వచ్చిన ఒక మేస్త్రీ ముందుగా తాపీ ఉన్నవారిని ఇద్దఱిని, పిదప మాలు కలుపుటకు ఒక యువకుని, ఇటుకలు అందించుటకు ఇద్దఱు స్త్రీలను పిలిచికొని పోయెను. తొమ్మిది గంటలకును అక్కడ మిగిలినవారు ఆనాటికి ఇంటికి పోవలసినవారే. సంచిలో తాపీ ఉన్నవానికిని లేనివానికిని కూలిలో గల తేడా, ఈ పనిలో పైకి వచ్చుటకు గల ఒకే ఒక మెట్టు.

ఆ మెట్టు ఎట్లెక్కుదురనగా, కుఱ్ఱవాడు మొదట ఒకటి రెండేండ్లు మాలు మోయును. మధ్యాహ్నము మేస్త్రీ అన్నమునకు కూర్చున్నపుడు వాని తాపీ తీసికొని నాలుగు ఇటుకలు పెట్టిచూచును. తరువాత రెండు మూలల నడుమ దారము కట్టియిచ్చినచో మధ్యభాగము నింపుట నేర్చును. మూల కట్టుట చివరి పరీక్ష. తూకపుగుండు వ్రేలాడదీసి, మూల నిట్టనిలువుగా లేచినదని పెద్దమేస్త్రీ ఒప్పుకొన్ననాడే వాడు మేస్త్రీ. ఈ చదువునకు పుస్తకము లేదు. కన్నును చేయియు చాలును.

దేశపు సర్వేల లెక్కలలో 1993-94 నాటికి పనిచేయువారిలో నూటికి సుమారు ముగ్గురు మాత్రమే నిర్మాణరంగమున ఉండిరి. 2011-12 నాటికి ఆ సంఖ్య పదిని దాటినది. 2023-24 నాటికి పండ్రెండు దగ్గఱకు చేరినది. వ్యవసాయము వదలినవారిని కర్మాగారములకంటె కట్టడములే ఎక్కువగా చేర్చుకొన్నవి. కాని చేర్చుకొనుట వేఱు, ఎదుగనిచ్చుట వేఱు. బెంగళూరు, హైదరాబాదులలోని పెద్ద అపార్ట్‌మెంట్లలో నేడు గోడలను ఇటుకతో కట్టుట తగ్గి, అల్యూమినియం పలకలు బిగించి కాంక్రీటు పోసి ఒక్కమారుగా లేపుట పెరుగుచున్నది. మూల కట్టు నేర్పునకు అక్కడ చోటు లేదు. ఆ పనులకు బీహారు, ఒడిషా, పశ్చిమబెంగాల్ నుండి గుంపులుగా వచ్చువారు పెక్కుమంది. మనవారికి మిగులునవి ఊరిచివఱి చిన్న ఇండ్ల పనులును, అడ్డాలో నిలువబడి ఎదురుచూచుటయును.

అన్నిటికంటె ముందు నష్టపోవునది స్త్రీ. కాంక్రీటు కలుపు యంత్రమును, పైకి మోయు లిఫ్టును రాగానే మొదట పోవునది బాండ్లీ మోయు పని. ఇరువదియేండ్లు పనిచేసిన స్త్రీ సైతము కూలిగా చేరి కూలిగానే వెడలును. తాపీ ఆమె చేతికి ఎవరును ఈయరు. సమాన వేతన చట్టము 1976లోనే వచ్చినను, అడ్డాలో ఆడకూలి ధర వేఱుగానే పలుకుచున్నది. ఇది నాకు మిక్కిలి కష్టము కలిగించు విషయము. మూలకు గుండు పట్టి చూచుటకు బలము అక్కఱలేదు గదా!

నిర్మాణకార్మికులకై 1996లో వచ్చిన చట్టములు మంచివి. ఏడాదిలో 90 దినములు పనిచేసిన 18 నుండి 60 ఏండ్లలోపువారు పేరు నమోదు చేసికొనవచ్చును. కట్టడపు వ్యయముపై నూటికొక రూపాయి చొప్పున వసూలుచేయు సుంకము వారి సంక్షేమ మండలికి చేరును. ఇపుడవి 2025 నవంబరు 21 నుండి అమలునకు వచ్చిన కొత్త కార్మిక స్మృతులలో కలిసినవి. అయితే మండలులు రాష్ట్రమునకొకటి. కోసిగివాడు బెంగళూరులో కట్టిన మేడమీది సుంకము కర్ణాటక మండలికి పోవును. వాని పేరు నమోదైనచో నమోదైనది ఆంధ్రప్రదేశ్ పట్టికలో. వాడు పరంజామీదనుండి పడినపుడు ఏ కార్యాలయపు తలుపు తట్టవలయునో వాని భార్యకు చెప్పువారు ఉండరు. ముగ్గురు మేస్త్రీలవద్ద ముప్పదేసి దినములు చేసినవానికి తొంబది దినములు చేసినట్లు ఎవరు వ్రాసియిత్తురు? అక్షరాస్యత మిక్కిలి తక్కువగా ఉన్న ఈ మండలములలో ఆ కాగితము పూరించుటయే ఒక పని. సుగ్గికి బండి కదలకముందే, పల్లెలోనే, పేర్లు వ్రాసి పంపుట అసాధ్యమైనది కాదు. రెండు రాష్ట్రముల మండలులు ఒక పట్టికను చూచుకొనుటయు అసాధ్యమైనది కాదు.

ఉగాది నాటికి కొందఱు తిరిగివత్తురు. వచ్చినవారు ఎండాకాలమున తమ ఇండ్లు తామే కట్టుకొందురు: భర్త గోడ కట్టును, భార్య మాలు అందించును, పిల్లలు నీళ్ళు చల్లుదురు. ఆ ఇండ్ల వయస్సును సంవత్సరములతో చెప్పరు. పునాది ఒక సుగ్గి, గోడలు ఒక సుగ్గి, స్లాబు ఒక సుగ్గి. కోసిగి దారిలో నేను చూచిన ఒక ఇంటికి అవి మూడును పూర్తియైనవి. గోడలకు ఇంకను పూత లేదు. తలుపునకు తాళము వేసియున్నది. స్లాబుమీద, రాబోవు అంతస్తుకై విడిచిన ఇనుపకడ్డీలు నాలుగు మూలలను నిట్టనిలువుగా లేచియున్నవి. వాటి కొనలు తుప్పు పట్టకుండ ఎవరో పాతగుడ్డ చుట్టి, దారముతో గట్టిగా కట్టి పోయినారు.